ఉప్పుగాలి తిన్న గొళ్ళెం కోసం అడవులదీవి దాకా

మా ఆయన పాటలు కడతారు. తెనాలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతూ, సాయంత్రం ఇంటికొచ్చాక వెనక వరండాలో గిటారు పట్టుకుని, పక్కింటికి కూడా వినపడనంత నెమ్మదిగా పాడుకుంటారు. ఆ పాటల్లో హుషారు ఉండదు, ఒక మనిషి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. పెళ్లయి ఏడాది కావస్తున్నా నేను ఆ వరండాలోకి వెళ్లి కూర్చోలేదు. వంటగది గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. ఈ వేసవిలో ఆయన కట్టిన కొత్త పాటే నా ప్రయాణానికి కారణం. దాని పల్లవి ఇది:

ఉప్పుగాలి తిన్న గొళ్ళెం నాది,
తలుపు సంగతి అడగకు,
పొద్దు వాలేదాకా వాకిట్లో నిలబడకు.

నందివెలుగులో మా పుట్టింటి పశువుల కొట్టానికి తుప్పు పట్టిన గొళ్ళెం ఒకటి ఉండేది. రాయితో కొట్టినా కదిలేది కాదు. చివరికి ఆ తలుపు వాడటమే మానేశాం. అందుకే ఈ పాట వినగానే, ఈ మనసు తెరుచుకోదు, అడగకు, నిలబడకు, వెళ్లిపో అన్నట్టే తోచింది. రోజూ గుమ్మం దగ్గర నిలబడేది నేనే కదా. ఆయన్నే అడుగుదామంటే నోరు పెగల్లేదు. నేను చదివింది ఐదో తరగతి. పాటకు అర్థం అడిగితే నవ్వుతారేమోనని ఒక భయం, నవ్వకుండా నిజం చెప్పేస్తారేమోనని అంతకంటే పెద్ద భయం.

తెనాలిలో ఉప్పుగాలి లేదు. ఆయన చిన్నప్పుడు సెలవులకు వెళ్లేది అడవులదీవిలో ఉన్న వాళ్ల పిన్ని ఇంటికి. ఆ ఇల్లు చూస్తే ఏమైనా తెలుస్తుందేమో అనిపించింది. చిన్నత్తయ్యను చూసి వస్తానంటే ఆయన కాస్త ఆశ్చర్యపోయారు గానీ వద్దనలేదు. కొట్టు మూయడం కుదరక రాలేనన్నారు. ఒంటరిగా రైలెక్కడం నాకు అదే మొదలు.

పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు పది రూపాయలు, ప్రయాణం గంట పైచిలుకు. కిటికీ పక్కన సీటు దొరికితే భట్టిప్రోలు దాటేవరకూ కాలువలూ వరిచేలూ చూసుకుంటూ పోవచ్చు. నేను మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఫోనులో రికార్డు చేసుకున్న ఆ పాటే పెట్టుకుని, ఒక చెవితో వింటూ కూర్చున్నాను. రేపల్లెలో దిగి ఇడ్లీ తిని, నిజాంపట్నం వైపు వెళ్లే పల్లెవెలుగు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బు తీసుకోరు. ఊరి పేరు నేను చెప్పింది కండక్టరుకు రెండుసార్లూ వినపడలేదు. “కొంచెం గట్టిగా చెప్పమ్మా, ఇంజను నీకంటే పెద్దగా అరుస్తోంది” అన్నాడు. బస్సంతా నవ్వింది. మూడోసారి ముందు సీటులో కూర్చున్నావిడ నా తరపున చెప్పింది.

అడవులదీవిలో దిగాక సముద్రం కనపడలేదు గానీ, పెదాలు తడుపుకుంటే ఉప్పగా తగిలింది. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. తలుపు మూసి ఉంది. బయట తాళం లేదు కాబట్టి లోపల గొళ్ళెం పెట్టుకుని పడుకున్నారనుకున్నాను. పిలవడానికి మొహమాటమేసింది. సంచీ పట్టుకుని ఎండలో వాకిట్లోనే నిలబడ్డాను. ఎదురింటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు నన్నే చూసి, “ఏంటమ్మా, తలుపే వచ్చి నిన్ను రమ్మనాలా?” అన్నాడు. తల దించుకున్నాను.

ఇంతలో ఎండబెట్టిన చేపల గంపతో చిన్నత్తయ్య వీధిలోంచి వచ్చింది. నన్ను చూసి గంప కింద పెట్టేసింది.

“ఎంతసేపయిందే వచ్చి? నెట్టుకుని లోపలికి పోకూడదా?”

“గొళ్ళెం పెట్టారేమోనని, అత్తయ్యా.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుని తలుపు మీద పెట్టింది. బలం వేయకుండానే తెరుచుకుంది. తలుపు వెనక గొళ్ళెం ఉండాల్సిన చోట ఎర్రటి మరకా, రెండు మేకుల బొక్కలూ ఉన్నాయి. “ఈ గాలికి ఇనుము నిలబడదే అమ్మాయ్. తుప్పు పట్టి రాలిపోద్ది. ఎన్నని మారుస్తాం? ఊరెళ్తే తాడు కట్టుకుంటాం. ఇంట్లో ఉంటే ఎవరు నెట్టినా తెరుచుకునేదే” అంది. ఆ మరక మీద వేలు పెట్టి రాశాను. వేలికి తుప్పు అంటింది. మా కొట్టం గొళ్ళెం బిగుసుకుపోయింది. ఇక్కడిది రాలిపోయింది.

రొయ్యల కూరతో అన్నం పెడుతూ, భార్యాభర్తలిద్దరూ ఒక్కలాంటోళ్లే దొరికారని ఆవిడ నన్ను ఆటపట్టించింది. “మీ ఆయనా ఇంతే. సెలవులకొచ్చి ఆ వాకిట్లోనే నిలబడేవాడు. పొద్దు వాలేదాకా నిలబడకురా, లోపలికి రారా అని అరవడమే నా పని.”

సగం అన్నంలోనే లేచాను. చెయ్యి కడుక్కుని వచ్చి ఫోనులో పాట పెట్టాను. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని, ఇంత మెల్లగా పాడితే ఎవరికి వినపడుద్దని విసుక్కుంది. పల్లవిలో మూడో వరుస దగ్గరకొచ్చేసరికి విసుగు పోయింది. మళ్లీ పెట్టమంది.

“ఇది నా మాటే కదే” అంది చివరికి. “లోపలికి రారా అన్నది మాత్రం మింగేశాడు, సిగ్గుతో.”

మధ్యాహ్నం బస్సులో రేపల్లె వచ్చి, సాయంత్రం రైలుకు తెనాలి చేరాను. దీపాలు పెట్టే వేళకు ఆయన వరండాలో పాడుకుంటున్నారు. నేను గుమ్మం దగ్గర ఆగలేదు. వెళ్లి చాప మీద కూర్చున్నాను. ఆయన వేళ్లు తీగల మీద ఆగిపోయాయి.

“చిన్నత్తయ్య వాళ్ల తలుపు నెట్టి చూశానండి.”

ఆయన తల ఎత్తలేదు. “గట్టిగా నెట్టాల్సొచ్చిందా?” అన్నారు.

“లేదండి. చెయ్యి వేస్తే తెరుచుకుంది.”

ఆయన కాళ్లు ముడుచుకుని నాకు చోటిచ్చారు. పాట మొదటినుంచి ఎత్తుకున్నారు, ఎప్పటికంటే కొంచెం గట్టిగా.

ఇలాంటి నెమ్మది పాటలకు అర్థం చదువుకున్నవాళ్లకే తెలుస్తుందనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అంత మెల్లగా పాడే మనిషి, అసలు చెప్పాల్సిన మాట ఒకటి బయట పెట్టలేక వదిలేస్తాడు. ఆ మాట దొరకాలంటే మిగతా మాటలు పుట్టిన చోటికి వెళ్లాలి. నేను నా ఊరి తుప్పుతో ఆయన పిన్ని ఇంటి గొళ్ళేన్ని కొలిచి అన్ని రోజులు బాధపడ్డాను. అడవులదీవి వైపు మీ వాళ్లింటికి వెళ్తే, నీళ్లసీసా, ఆధార్ కార్డు మరిచిపోకండి. తలుపు మూసి ఉందని మాత్రం ఎండలో నిలబడకండి. ఒకసారి పిలిచి, మెల్లగా నెట్టండి.