టీ వేళకు పైకెక్కిన ప్రశ్న

మా పక్కింటి సారు ఎమ్మిగనూరులో చెల్లెలి ఇంట్లో పోయాడని ఫోను వచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏళ్ల కిందట బెంగుళూరులో ఒక పెద్ద హాలులో సారు ఒక ప్రశ్న అడిగాడు. దాన్ని అందరి ముందూ తెర మీద నుంచి తీసేశారు. జవాబు తరవాత పంపుతామన్నారు. పంపలేదు. ఆ కోపం అప్పటి నుంచీ నా కడుపులోనే ఉంది. ఇప్పుడు జవాబు వచ్చినా వినడానికి అడిగిన మనిషి లేడు.

నేను ఆదోని పత్తి యార్డులో హమాలీ మేస్త్రీగా చేసినవాణ్ణి. పత్తి కుక్కిన పెద్ద గోనెసంచులు, మేము బోరాలంటాం, నా మాట మీద లేచేవి, నా మాట మీద దిగేవి. ఫోను వచ్చిన రోజే ఎమ్మిగనూరు పోయి సారు పాడెను నేనూ భుజాన ఎత్తుకున్నాను. వయసు చూసి వద్దన్నారు. ఎవరి బరువు ఎవరు మోయాలో నాకు చెప్పొద్దన్నాను. మనిషి ఏమీ బరువు లేడు. నడుస్తున్నంతసేపూ అదే నన్ను బాధపెట్టింది.

ఈ నాలుగు ముక్కలు నా చేత్తోనే రాశాను, తొమ్మిది రోజులు పట్టింది. అచ్చు వేసేవాళ్లు తప్పులు దిద్దితే దిద్దుకోండి, మాట మాత్రం మార్చొద్దు.

సారు కంప్యూటరు ప్రోగ్రాములు రాసే మనిషి. బెంగుళూరులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అది గిట్టక ఆదోని వచ్చి నా గోడకు ఆనుకున్న ఇంట్లో దిగాడు. ఇక్కడి జిన్నింగు మిల్లులకు తూకం చీటీల ప్రోగ్రాములు రాసి బతికాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, సారు చెప్పలేదు. పొట్టకు ఆ పని, మనసుకు బ్లాగు. బ్లాగంటే ఫోనులో తెరుచుకునే పేజీ. పేపరు లాంటిదే, కాకపోతే రాసేవాడు ఒక్కడే. బ్యాంకు, పింఛను, పంట బీమా, వీటిల్లో ఎక్కడ ఏది నొక్కాలో, ఏది నొక్కితే మునిగిపోతామో మామూలు తెలుగులో రాసేవాడు. ఆ పేజీ ఈ శ్రావణం ఆఖరి సోమవారంతో మూతపడుతుంది. సారు గోడ క్యాలెండరులో ఆ రోజు చుట్టూ ఎర్ర సున్నా ఉంది, పక్కన ‘పేజీ గడువు’ అని ఉంది. గడువు పొడిగించాలంటే లోపలికి పోవాలి. లోపలికి పోవడానికి తాళం చెవి లాంటి మాట ఒకటి కావాలి. అది సారుతోనే పోయింది.

నాకు అక్షరాలు వచ్చింది ఆ పేజీతోనే. నాకు చదువు లేదని తెలిసిన రోజు సారు అడిగాడు.

“మరి యార్డులో ఏ బోరం ఎవురిదో ఎట్ల తెలుస్తాండె మేస్త్రీ?”

“మార్కా చూసి సార్. దుకాణమోళ్లు గోనె మీద రంగుతో ఏసింటారు గదా. నూరు మార్కాలు సెప్తా.”

“అక్షరాలు అన్ని ల్యావు. అవీ మార్కాలే అనుకో.”

ఆ వయసులో ఎవడైనా పలక తెచ్చి ‘అ’ దిద్దమంటే కొట్టేవాణ్ణి. మార్కా అన్నాడు గనక నేర్చుకున్నాను. ఫోనులో ఒక్కో అక్షరాన్ని రెండు వేళ్లతో సాగదీసి అరచెయ్యంత చేసి చూపేవాడు. నా చొక్కాకు అంటుకుని వచ్చిన పత్తిని గిల్లి, దాంతో కంప్యూటరు మీటలు తుడుచుకునేవాడు. “ఊరికే పోనీగూడదు” అనేవాడు. పత్తిని గురించి అన్నాడో, నన్ను గురించి అన్నాడో నేను ఆలోచించలేదు.

పేజీ అడుగున ఒక అంకె ఉండేది. ఆ రోజు ఎంతమంది వచ్చి చదివారో చెప్పే అంకె. మొదట్లో చాలా రోజులు అది ఒకటి. ఆ ఒకటి నేనే.

“ఇంత రాసేది ఒక్కనికేనా సార్?” అన్నాను.

“రాసేది నా పని. మోసేటోడు యాడుండాడప్పా?”

మోసేటోడు లేడని నా ముందర అనకూడదు. ఆ రోజు నుంచి మోశాను. హమాలీల వాట్సప్ గ్రూపు, కౌతాళం పత్తి రైతుల గ్రూపు, ఉరుకుంద ఈరన్న భక్తుల గ్రూపు. మొదటి రోజు ఒకే లింకు అన్నిట్లోనూ పదకొండు సార్లు వేశాను. ఎన్నిసార్లు ఎత్తితే అంత పని అయినట్టని నా ఎరుక. సాయంత్రానికి భక్తులు నన్ను గ్రూపులోంచి తోసేశారు. పోయి సారుకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

“తిరునాళ్లలో కరపత్రం చేతిలో పెట్టాల మేస్త్రీ, మొగాన కొట్టగూడదు.”

ఆ మాట మీద నాకు పాఠం మొదలైంది. వేళ చూసి పంపమన్నాడు. యార్డులో నాలుగింటికి టీ వస్తుంది, అప్పుడే చేతులు ఖాళీ అయి ఫోను బయటికి వస్తుంది, అప్పుడు పంపు. లింకు ఒక్కటే పారెయ్యొద్దు, లోపల ఏముందో నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఇవి నా వంతు. వచ్చినవాడు ఏమైనా రాస్తే బదులు రాయడం సారు వంతు. పొద్దున్నే పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అన్నవాడికి కూడా రాసేవాడు.

“వానికి గూడా ఏంటికి సార్?”

“పువ్వు పెట్టినోడు గూడా మన వాకిలి దాకా వచ్చినోడే గదప్పా.”

అంకె పెరిగింది. ఒకరోజు చిప్పగిరి నుంచి ఒక రైతు బస్సు దిగి, సందులో నన్నే ఆపాడు.

“ఫోను సారు ఇల్లు యాడన్నా?”

“ఏం పని?”

“నాకు లాటరీలో కారు తగిలిందని మెసేజి వచ్చిన్యాది. నొక్కబోతాంటే మా తమ్ముడు ఈ సారు రాసింది సూపిచ్చినాడు. నొక్కల్యా. ఆ యప్ప మొగం ఒకసారి సూసి పోదామని.”

“అది మీ తమ్మునికి పంపినోణ్ణి నేను. ముందు నా మొగం సూడు.”

కిటికీ లోపల సారు నవ్వు వినబడింది. ఆ రైతు తెచ్చిన శనక్కాయలు వారం రోజులు తిన్నాం.

తరవాత సారుకు మూత్రపిండాల జబ్బు వచ్చింది. బరువులు ఎత్తొద్దన్నారు. ఆ ఏడే బెంగుళూరులో ప్రోగ్రాములు రాసేవాళ్ల సభ. “సంచి పట్టుకునేదానికి ఎవురన్నా ఉంటే పోతాంటి” అని గోడ అవతల నుంచి, నాకు వినబడేటట్టు అన్నాడు. పోయాను. రైలులో ఉగ్గాని పొట్లం ఇద్దరం తిన్నాం. హాలు వాకిట్లో మెడకు వేసుకునే అట్టముక్క రాసి ఇస్తూ ఒక అమ్మాయి నా కంపెనీ పేరు అడిగింది. నేను నోరు తెరిచేలోపు సారే చెప్పాడు, “ఆదోని యార్డు” అని. ఆమె అట్లే రాసి ఇచ్చింది. ఆ అట్టముక్క ఇప్పటికీ నా బోరాల కొక్కెం పక్కన, అదే మేకుకు వేలాడుతోంది.

వేదిక మీద ఒకాయన, మనం ఫోనుల్లో, కంప్యూటర్లలో దాచుకున్నవి చెడిపోకుండా ఎన్నేళ్లయినా ఎట్లా నిలుస్తాయో ఇంగ్లీషులో చెప్పాడు. చివర ప్రశ్నల వేళ. అక్కడ లేచి నిలబడి అడిగే పద్ధతి లేదు. ఫోనులో ప్రశ్న రాస్తే తెర మీదికి వస్తుంది. నచ్చినవాళ్లు దాని పక్కన వేలు నొక్కాలి. ఎక్కువ వేళ్లు పడిన ప్రశ్న పైకెక్కుతుంది. పైన ఉన్నదానికే ముందు జవాబు. సారు తన ప్రశ్న రాసి నాకు తెలుగులో చెప్పాడు.

“పేజీ రాసే మనిషి పోతే ఆ పేజీ గతేంది? దాన్ని నమ్ముకున్నోళ్ల చేతికి తాళం ఎట్ల వస్తాది?”

జబ్బు మనిషి ఈ మాట ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలిసింది. తెర చూశాను. ప్రశ్న అట్టడుగున ఉంది. పక్కన రెండు వేళ్లు. సారుది, నాది.

గడియారం చూస్తే నాలుగు. యార్డులో టీ వచ్చే వేళ. సారు నేర్పిన పాఠం నేర్పినట్టు చేశాను. హమాలీల గ్రూపులో ఆ ప్రశ్నల లింకు వేసి నోటితో ఒక్క మాట చెప్పాను, “సారు ప్రశ్న అడుగున పడిండాది, నొక్కి పైకెత్తండప్పా” అని.

ఎత్తారు. రెండు తొమ్మిదైంది, తొమ్మిది నలభై అయింది. మావాళ్లు కౌతాళానికి పంపారు, వాళ్లు ఇంకెవరికి పంపారో, నూరు దాటింది. వాలుగా వేసిన చెక్క మీదుగా హమాలీ వీపున బోరం లారీలోకి ఎక్కినట్టు, ఒక్కో ప్రశ్నను దాటుకుంటూ అన్నిటికన్నా పైకి వచ్చి నిలబడింది. సారు తెర చూసి, నన్ను చూశాడు. నేను మీసం దువ్వుకున్నాను.

అప్పుడు మైకులో ఒకామె ఏదో చెప్పింది. హాలంతా నవ్వింది. ప్రశ్న మాయమైంది. వేదిక మీద ఆయన సారు కూర్చున్న వైపు చెయ్యి ఊపి ఏదో అన్నాడు.

“ఏమంటాండాడు సార్?”

“టైము అయిపోయిందంట మేస్త్రీ. జవాబు మల్లా పంపుతాడంట.”

“అందుకు నవ్వేదేంటికి?”

“వాళ్ల నవ్వు వాళ్లది. పద, రైలు పోతాది.”

ఆ తరవాత ప్రతిరోజూ నాలుగింటికి రెండు గ్లాసుల టీ పట్టుకుని పోయి అడిగేవాణ్ణి, జవాబు వచ్చిందా అని. రాలేదనేవాడు. నేను ఆ సభవాళ్లను తిట్టేవాణ్ణి, యార్డులో తిట్టే తిట్లన్నీ. సారు మీటలు తుడుచుకుంటూ తిట్టనిచ్చేవాడు.

జబ్బు ముదిరాక చెల్లెలు వచ్చింది, ఎమ్మిగనూరు తీసుకుపోవడానికి. ఆటోలో కూర్చున్నాక సారు నన్ను దగ్గరికి పిలిచాడు.

“మేస్త్రీ, ఒక మాట సెప్తా, రాసుకో. పేజీ తాళం.”

తాళం మాట ఎవరికీ చెప్పకూడదు, ఎవరైనా చెప్పబోయినా వినకూడదు. ఇది సారు పేజీలో ఎన్నిసార్లు రాశాడో, నేను దాన్ని ఎన్ని ఊళ్లకు మోశానో.

“నాకు సెప్పొద్దు సార్. యెవురికీ సెప్పగూడదని నువ్వే గదా రాసినావు.”

సారు నా మొగం చాలాసేపు చూశాడు. “మంచి శిష్యుడివప్పా” అన్నాడు. ఆటో కదిలింది. నేను అది మెచ్చుకోలు అనుకున్నాను. ఆ సాయంత్రం రెండు గ్లాసులూ నేనే తాగాను, సంతోషంతో.

సారు పోయిన పదకొండో రోజు మళ్లీ ఎమ్మిగనూరు పోయాను. చెల్లెలి ఇంటికి రెండు పక్కలా మగ్గాలు ఆడుతున్నాయి. బెంగుళూరు పోయి ఆ ప్రశ్న తీసేసినవాళ్లను పట్టుకుంటానని ఆమెకు చెప్పాను. ఆమె కొంగుతో మొగం తుడుచుకుని కూర్చోమంది.

“వాళ్లను ఏమీ అనొద్దు మేస్త్రన్నా. హాల్లో లేనోళ్లు నొక్కినారని, దొంగ వేళ్లని తీసేసినారంట. మా అన్న సెప్పి నవ్వినాడు. ‘మేస్త్రీ బోరం ఎత్తినట్టు ఎత్తినాడమ్మా, పైకప్పుకు తగిలి పడింది’ అన్నాడు.”

“నాకు సెప్పల్యా.”

“సెప్పొద్దన్నాడు. ‘టీ యాళకు పంపమని నేర్పినోణ్ణి నేనే గదా, ఆ యప్ప తప్పేముంది’ అన్నాడు.”

తరవాత నేను అడిగాను.

“పేజీ తాళం నీకేమన్నా సెప్పినాడామ్మా?”

“ల్యా అన్నా. నీకు సెప్పింటాడు అనుకుంటి.”

ప్రశ్న పడిపోయింది నా వల్ల. తాళం పోయింది నా వల్ల. యార్డులో ఇన్నేళ్లలో నా చేతి కింద ఒక్క బోరం జారలేదు. ఈ రెండూ జారాయి. ఒప్పుకుంటున్నాను. కాని దొంగ వేళ్లు అన్నారే, అది మాత్రం ఒప్పుకోను. ఆ రోజు పడిన ప్రతి వేలికీ ఒక మనిషి ఉన్నాడు, ఇంకో చేతిలో టీ గ్లాసు పట్టుకుని. సారు రాసింది చదివి మునిగిపోకుండా మిగిలినవాళ్లు. హాలులో కూర్చున్నవాళ్ల కన్నా ఆ జవాబు అవసరం వాళ్లకే ఎక్కువ.

ఇది చదివేవాళ్లలో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఉంటారు. ఆ వేదిక మీద మాట్లాడినాయనకు చేరినా చేరవచ్చు. సారు ప్రశ్న మళ్లీ అడుగుతున్నాను. పేజీ రాసే మనిషి పోతే, నమ్ముకున్నవాళ్ల చేతికి తాళం ఎట్లా వస్తుంది? అడిగేది ఆదోని యార్డు. ఈసారి గ్రూపుల్లో వేయను, ఎవరినీ నొక్కమనను. ఒక్క వేలే, నాది. జవాబు సారు పేజీ అడుగునే రాయండి. శ్రావణం ఆఖరి సోమవారం సాయంత్రం నాలుగు గంటల లోపల రావాలి.

ఆ రోజు ఉరుకుంద ఈరన్న దర్శనానికి బస్సులు నిండి పోతాయి. నేను పోను. సారు వాకిట్లో మెట్టు మీద కూర్చుంటాను. సారు పోయిన కొత్తలో పువ్వు బొమ్మలు వచ్చేవి, బదులు రాసేవాడు లేక అవీ ఆగిపోయాయి. నిన్న టీ వేళకు పేజీ తెరిచి అడుగు దాకా జరిపి చూశాను. ఒకటి అని ఉంది. సోమవారం నాలుగింటి దాకా ఆ ఒకటిగా నేను అక్కడే ఉంటాను. జవాబు చెప్పండి.