తైవో ఎక్కడ?

కెహిండేకి కోపం ఎక్కువని బోయిన్‌పల్లిలో అందరూ అంటారు. అనేవాళ్లు ఒక్కరోజు ఆ ముఖం పెట్టుకుని సిటీ బస్సెక్కి చూడాలి. ఆమె పుట్టింది సికింద్రాబాద్‌లో, చదివింది పద్మారావు నగర్‌లో, తిట్టేది అచ్చమైన తెలంగాణ మాటలతో. అయినా ఆటోవాడు వచ్చీరాని ఇంగ్లిష్‌లో బేరం మొదలుపెడతాడు. ఇల్లు అద్దెకిచ్చేవాడు ఆధార్ కార్డు చూసి కూడా పాస్‌పోర్ట్ ఏదని అడుగుతాడు. కూరగాయల మార్కెట్లో తల్లులు చంటిపిల్లలకు ఆమెను వేలెత్తి చూపించి బువ్వ తినిపిస్తారు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఇంత జరిగాక కోపం రాని మనిషి ఉంటే ఆ మనిషినే డాక్టరుకు చూపించాలి.

మార్కెట్‌కు రెండు వీధుల అవతల ఆమెకో చిన్న పార్లర్ ఉంది. అక్కడ చేసేది ఒకటే పని, తలనిండా సన్నసన్న జడలు అల్లడం. చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా అమ్మాయిలు వస్తారు, గోవా పోయే ముందు సరదాపడే మన అమ్మాయిలూ వస్తారు. ఒక్కో తలకు ఐదారు గంటలు పడుతుంది. అంతసేపూ ఆమె వేళ్లు ఆడుతుంటాయి, నోరూ ఊరుకోదు.

తల్లి బ్యూలా అల్వాల్ మనిషి, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. తండ్రి పేరు ఎరిక్ షెగున్. నైజీరియాలో యోరుబా వాళ్ల బిడ్డ, మందుల చదువు చదవడానికి హైదరాబాద్ వచ్చి, బ్యూలాను చూసి, చర్చిలో పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. వాళ్లకు కవల ఆడపిల్లలు పుట్టారు, కెహిండే, తైవో. మూడో ఏట తైవో జ్వరంతో పోయింది.

యోరుబా వాళ్లలో ఒక ఆచారం ఉంది. కవలల్లో ఒకరు పోతే, పోయిన బిడ్డకు జానెడు కొయ్యబొమ్మ చెక్కిస్తారు. తల్లి ఆ బొమ్మకు నీళ్లు పోస్తుంది, నూనె రాస్తుంది, బతికున్న బిడ్డతో పాటు దానికీ ఇంత తిండి పెడుతుంది. విడిపోయిన జంట అలాగైనా ఒకచోట ఉంటుందని. ఎరిక్ చర్చికి పోయే మనిషే, కానీ అతని తల్లి పాత పద్ధతి వదలలేదు. ఆవిడ చెక్కించి పంపిన బొమ్మ అల్వాల్ ఇంటికి వచ్చింది. మూడు వారాలుంది. ఎరిక్ ఇంట్లో లేని ఒక పూట పాస్టర్ జెరెమియా వచ్చి, ఇది విగ్రహారాధన అని చెప్పి, దాన్ని వాకిట్లో పెట్టి కాల్చేశాడు. లోపలి నుంచి తెచ్చి ఆయన చేతికిచ్చింది బ్యూలాయే. ఎరిక్ ఇంటికొచ్చి బూడిద చూశాడు. ఆ ఏడే తన దేశం వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు, ఆరేళ్లకు అక్కడే చనిపోయాడు. బొమ్మను కాల్చిననాటికి కెహిండేకు నిండా నాలుగేళ్లు కూడా లేవు గానీ, బొమ్మ మంటల్లో చిటపటమన్నది మాత్రం ఆమెకు గుర్తుంది. తల్లి మీద ఆమె కోపం అక్కడ పుట్టింది.

నిరుడు ఎండాకాలం, నైజీరియాలోని లాగోస్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఫొలాకే అనే యోరుబా అమ్మాయి పార్లర్‌కు వచ్చింది. కుర్చీలో కూర్చుని పేరడిగింది. కెహిండే అనగానే అద్దంలోంచి నవ్వి, వెంటనే అడిగిన ప్రశ్న ఒకటే.

"మరి తైవో ఎక్కడ?"

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఇక్కడి వాళ్లకు కెహిండే అంటే నోరు తిరగని పేరు, అంతే. ఆ పేరు పక్కన ఇంకో పేరు ఉండి తీరుతుందని చెప్పకుండానే తెలిసిన మనిషి మొదటిసారి ఎదురయ్యేసరికి కెహిండే చేతిలో దువ్వెన ఆగిపోయింది. చనిపోయిందని చెప్పింది. ఫొలాకే నవ్వు పోయింది. ఆమెకు తిండి ఎవరు పెడుతున్నారని మెల్లగా అడిగింది. ఎవరూ పెట్టడం లేదనడానికి కెహిండేకు సిగ్గేసింది. సిగ్గేసిన ఐదు నిమిషాలకు ఒళ్లంతా మండింది.

ఫొలాకే తాత తమ్ముడు ఊళ్లో పాత దేవతల పూజారి. ఫొలాకే ఇంట్లోవాళ్లు ఆయనతో మాట్లాడరు, వాళ్లకూ ఒక జెరెమియా ఉన్నాడు. అయినా ఆ పిల్ల నంబరిచ్చింది. ఆదివారం చర్చి సమయంలో కెహిండే షట్టర్ సగం దించి ఫోన్లో ఆయనకు కనిపించింది, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకున్నారు. ఆ పెద్దాయన దక్షిణ అడగలేదు, మతం అడగలేదు. బొమ్మ చేయించమన్నాడు. కవలలకు ఇష్టమైన తిండి చెప్పాడు. చూస్తే అవి మన బొబ్బర్లే. ఉడికించి ఎర్రటి పామాయిల్ కలపాలట. ఒకే ఒక్క షరతు పెట్టాడు. బొమ్మకు మొదటి స్నానం తల్లి చేతులతో జరగాలి. తల్లి బతికుండగా ఇంకెవరు చేసినా పోయిన బిడ్డ ఇంటికి రాదు.

ద్వారబంధాలు చెక్కే ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్లి కెహిండే ఫోన్లో ఫొటోలు చూపించింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, తల ఇంత పెద్దగుందేంది మేడం, జెర తగ్గిద్దామా అన్నాడు. తలలోనే మనిషి రాత ఉంటుంది కాబట్టి ఒక్క గీత కూడా తగ్గొద్దంది. పన్నెండు రోజులకు వేపకర్రతో చేసి ఇచ్చాడు. చిన్న కాళ్లు, పెద్ద తల, నెత్తిన సన్న జడలు. ఆ జడల లెక్క మాత్రం కెహిండే దగ్గరుండి చూసుకుంది.

బ్యూలా ఆ బొమ్మను చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ముట్టను గాక ముట్టను అంది. కెహిండే నచ్చజెప్పింది, అరిచింది, రెండు రోజులు అన్నం మానేసింది. తల్లి కదల్లేదు. నెల గడిచింది. బొమ్మ బీరువా మీద పొడిగా నిలబడి ఉంది. ఆదివారాలు బ్యూలా బైబిల్ పట్టుకుని దాని ముందు నుంచే, అటు చూడకుండా చర్చికి పోయేది.

ఇక లాభం లేదని కెహిండే బొమ్మను పార్లర్‌కు తీసుకుపోయి, మళ్లీ ఆ పూజారి పెద్దాయనకు ఫోన్ చేసి, బొమ్మను చూపించి, తల్లి మొండితనం చెప్పుకుంది. ఆయన అంతా విన్నాడు. బొమ్మను పేరుతో పిలవాలి కదా, పోయిన పాప పేరు చెప్పమన్నాడు. తైవో అంది. అయితే ముందు పుట్టింది ఆ పాపే కదా అన్నాడాయన, మాట వరసకు. కాదు, ముందు నేనే పుట్టాను, నేను పెద్దదాన్ని అంది కెహిండే.

ఆయన ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. కడుపులో పెద్దది ఉంటుంది. లోకం రుచి ఎలా ఉందో చూసి రమ్మని చిన్నదాన్ని ముందు పంపుతుంది. చిన్నది బయటికొచ్చి ఏడుస్తుంది. ఆ ఏడుపు విని, బాగానే ఉందనుకుని పెద్దది వెనక వస్తుంది. ముందు వచ్చినది ఎప్పుడూ తైవోయే, వెనక వచ్చిన పెద్దది ఎప్పుడూ కెహిండేయే. ఈ పేర్లు మనం పెట్టేవి కావు, బిడ్డలు తెచ్చుకునేవి. నువ్వు తైవోవి, తల్లీ. పోయింది మీ అక్క. ఈ కొయ్యను తైవో అని పిలిచి తిండి పెడితే, బతికుండగానే నీకు నువ్వు పెట్టుకున్నట్టవుతుంది.

షట్టర్ పూర్తిగా దించి ఆమె అల్వాల్ వెళ్లిపోయింది. బ్యూలా చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"మమ్మీ, మా ఇద్దర్ల ముందుగాల ఎవరు పుట్టిండ్రు?"

"నువ్వే. తొమ్మిది నిమిషాలకు అది వచ్చింది. ఎందుకే?"

పేర్లు ఎవరు పెట్టారని అడిగింది. బ్యూలా చేతులు తుడుచుకుని బైబిల్లోంచి పాత ఉత్తరం తీసింది. కాన్పు సమయానికి ఎరిక్ జబ్బుపడ్డ తల్లిని చూడటానికి వెళ్లి, వీసా రాక పది నెలలు అక్కడే చిక్కుకున్నాడు. కవలలని తెలిసి అక్కడి నుంచే రాశాడు. పెద్దపాపకు కెహిండే, చిన్నపాపకు తైవో అని పిలువు. అంతే రాశాడు. వందల కాన్పులు చూసిన నర్సు బ్యూలా. ముందు వచ్చింది పెద్దది కాక మరేమిటి? అతనికేమో వెనక వచ్చింది పెద్దదని వేరే రాయాలన్న ఆలోచనే రాలేదు, అతని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. తిరిగొచ్చేసరికి పిల్లలు ఆ పేర్లకు పలుకుతున్నారు. ఎవరు ముందని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కెహిండే ఆ ఉత్తరాన్ని లాక్కుని చిక్కుడుకాయల మీదికి విసిరింది. ఒక పేరు తారుమారైనందుకు కాదు. పోయిన పిల్లకు సమాధి ఉంది. దాని మీద రాయి ఉంది. ఆ రాయి మీద తైవో అని రాసి ఉంది.

"ఇరవై ఏడేండ్ల సంది నా పేరు సమాధి మీద పెట్టి పూలు ఏస్తున్నవ్. నేను చచ్చిన్నా మమ్మీ?"

మీ డాడీ రాసినట్టే పెట్టిన అంది బ్యూలా. ఆ మాట ఇంకో రెండుసార్లు అంది, ప్రతిసారీ గొంతు తగ్గుతూ వచ్చింది. కెహిండే వినే స్థితిలో లేదు. అక్క పేరుతో తను బతికింది, తన పేరుతో అక్కను పాతిపెట్టారు. అడగాల్సిన ఒక్క ప్రశ్న మొగుడూ అడగలేదు, పెళ్లామూ అడగలేదు. అడిగే అవకాశం ఇంకా ఉండగానే ఆ జెరెమియా అగ్గిపుల్ల గీశాడు. నోటికొచ్చినవన్నీ అనేసింది. కొన్ని అనకూడనివి కూడా అంది. వాటికి ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో మాటల్లేవు. బ్యూలా సాయంత్రాలు పైకి ప్రార్థన చేయడం మానేసింది. పెదవులు కదిలేవి, పోయిన బిడ్డ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవి. అది చూసి కూడా కెహిండే జాలిపడలేదు.

నవంబరు రెండున సమాధుల పండుగ. పొద్దున్నే అందరూ సున్నం డబ్బాలు, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వస్తారు. రాళ్లను కడుగుతారు, వెలిసిన అక్షరాలకు నల్లరంగు వేయిస్తారు. కెహిండే కూడా వెళ్లింది, భుజాన గుడ్డసంచిలో బొమ్మతో. తల్లి కొబ్బరిపీచుతో రాయిని తోమింది, మగ్గుతో నీళ్లు పోసింది, కొంగుతో తుడిచింది. పూలు పెట్టింది. క్రీమ్ బిస్కెట్ల పొట్లం విప్పి రెండు బిస్కెట్లు రాయి మీద పెట్టింది. ఏటా చేసేదే. ఈ ఏడు కెహిండేకు అది చూస్తుంటే రక్తం మరిగింది.

"ఇది రాయి. దీనికి స్నానం చేపిస్తున్నవ్, తినవెడుతున్నవ్, దీంతోని మాట్లాడుతున్నవ్. నా దగ్గరున్నది కట్టె. గంతే ఫరక్. గిది భక్తి, అది పాపమా?"

బ్యూలా చేతిలోని పీచు వైపు చూసుకుంది, అది అప్పుడే ఎవరో చేతిలో పెట్టినట్టు.

సరిగ్గా అప్పుడే జెరెమియా వచ్చాడు. వయసు మీదపడి మనవడి చెయ్యి పట్టుకుని సమాధి సమాధికీ ప్రార్థన చేసుకుంటూ వస్తున్నాడు. గుడ్డసంచిలోంచి పైకి కనబడుతున్న కొయ్యతలను చూశాడు. చూపు మందగించినా దాన్ని మాత్రం గుర్తుపట్టాడు. మళ్లీ ఆ బొమ్మనే ఇంట్లోకి రానిచ్చావా బ్యూలమ్మా అని నలుగురూ వినేట్టు అడిగాడు. కెహిండే నోరు తెరిచింది. ఇరవై ఏడేళ్లుగా ఆయన కోసం దాచిన మాటలు గొంతు దాకా వచ్చాయి. కానీ తల్లి ముందు లేచింది.

"అయ్యగారూ, ఆనాడు మీరు కాలవెట్టిన బొమ్మకు నేను మూడు వారాలు నీళ్లు పోసిన. బిడ్డ పోయినంక నాకు నిద్ర పట్టింది గా మూడు వారాలే. మళ్ల పట్టలే. దాన్ని తెచ్చి మీ చేతికిచ్చింది నేనే. మీ మీద నాకు కోపం లేదనుకున్న ఇన్నేండ్లు. ఉన్నది."

ఆయన బ్యూలా కోసం ప్రార్థన చేస్తానన్నాడు. మీ కోసం చేసుకోండి అంది బ్యూలా. ఆయన అక్కడే నిలబడి ఉండగానే, రంగు డబ్బాతో తిరుగుతున్న మనిషిని పిలిచి, రాయి మీద పేరు గీకేసి కొత్తది రాయమంది. అతను ఏం పేరమ్మా అన్నాడు. బ్యూలా చెప్పలేక చెప్పలేక, ఒక్కో అక్షరం పలికి చెప్పింది. కెహిండే.

రోజుకు పదిసార్లు వినే పేరే. రాయి వైపు తిరిగి తల్లి అది అంటుంటే, ఆమె అలవాటుగా పలకబోయి ఆగింది.

బ్యూలా నేల మీద కూలబడి చెయ్యి చాచింది. కూతురు సంచిలోంచి బొమ్మను తీసి ఇచ్చింది. తల్లి దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టింది, మెడ కింద అరచెయ్యి ఆనించి, చంటిబిడ్డకు పోసేటప్పుడు పట్టుకున్నట్టే. రెండో చేతిలో పీచు ఉంది. నీళ్లు పోయడానికి మూడో చెయ్యి కావాలి.

"తైవో," అంది తల్లి, తలెత్తకుండా. "నీళ్లు పొయ్యి."

ఎవరిని పిలుస్తోందా అని ఆమె రాయి వైపు చూసింది. ఆ పేరు తల్లి నోట ఎప్పుడు విన్నా ఆ రాయి దగ్గరే, ఏడుపుతోనే విన్నది. రాయి మీద ఇప్పుడు ఆ పేరు సగం చెరిగిపోయి ఉంది. తల్లి మళ్లీ పిలిచింది, ఈసారి కాస్త విసుగ్గా, పని దగ్గర బద్ధకించే కూతుర్ని పిలిచినట్టు.

కోపం తగ్గలేదు. తల్లి మీద, తండ్రి మీద, ఇంకా కదలకుండా నిలబడి చూస్తున్న ఆ ముసలాయన మీద, అంతా అలాగే ఉంది. ఆ కోపంతోనే వంగి మగ్గు అందుకుంది.

"ఆ, పోస్తున్న మమ్మీ," అంది తైవో.