సగం వినాయకుడితో సగం కారు

ఆదివారం పొద్దున్న ఏడుంబావుకి పక్కింటి మాస్టారు తన తెల్ల కారు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం చేసే పనే. ఆ రోజుల్లో నేను డిగ్రీ పూర్తి చేసి, ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ప్రపంచంలో ఏ కారునైనా మెరిపించగలనని నమ్ముతూ సాలూరులో ఇంట్లో కూర్చుని ఉన్నాను. (మాకు కారు లేదు. ఆ సంగతి నా నమ్మకానికి ఎప్పుడూ అడ్డు రాలేదు.) ఇంటి పక్క షెడ్డులో నాన్న లారీ బాడీలకు రంగు వేసేవాడు. ముందురోజు సాయంత్రం ఒక లారీకి ఆకుపచ్చ రంగు స్ప్రే చేస్తూ గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు. మాస్టారి చేతికి కారు ఎడమవైపూ, బానెట్టూ గరుకుగా తగిలాయి. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే, ఆవగింజలో పావువంతు ఉండే పచ్చ చుక్కలు, వేలకొద్దీ.

మాస్టారు కోపం వస్తే గొంతు తగ్గించే మనిషి. ఇన్నేళ్ళూ రంగు వాసన ఓర్చుకున్నానని, ఇక తన వల్ల కాదని, సాయంత్రంలోగా ఆ చుక్కలు పోకపోతే సోమవారం మున్సిపాలిటీలో కాగితం ఇచ్చి షెడ్డు తీయిస్తానని నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్ళారు. ఇళ్ళ మధ్య రంగు షెడ్డు ఉండకూడదని మాకూ తెలుసు. అది పోతే నాన్నకు పని చేసుకోడానికి వేరే చోటు లేదు. ఆయన థిన్నర్ డబ్బా, గుడ్డ పట్టుకుని బయల్దేరాడు. చుక్కలతో పాటు కారు అసలు రంగూ పోతుందని నేను అడ్డం పడి, నా దగ్గర క్లే ఉందన్నాను.

"బంకమట్టెట్టి కారు తోముతావేటే?" అన్నాడు నాన్న.

అది నెల క్రితం తెప్పించుకున్నది. సబ్బుబిళ్ళంత ఉంటుంది, పసుపు రంగు. చేత్తో పిసికి మెత్తబరిచి, సబ్బునీళ్ళు చల్లిన కారు మీద జారిస్తే, అంటుకున్న గరుకంతా లాక్కుంటుంది. మురికైతే మడిచి, పిసికి, శుభ్రమైన వైపు తిప్పుకోవాలి. నేల మీద పడితే మాత్రం పారేయాల్సిందే; ఒక్క ఇసుక రేణువు అంటినా కారును గీసేస్తుంది. అందుకే కారు కడగబోతూ దాన్ని నానమ్మ చేతిలో పెట్టి, ఎట్టి పరిస్థితిలోనూ కింద పెట్టవద్దన్నాను.

కడిగి వచ్చేసరికి క్లే దేవుడి గూట్లో ఉంది. తమలపాకు మీద, గోపురంలా, కుంకుమబొట్టుతో, నెత్తిన అక్షతలతో.

"కింద పెట్టొద్దన్నావు. కొత్త పని మొదలెడతన్నావు. పసుపు ఇనాయకుడు కాకపోతే ఇంకేటనుకోమంటావే?" అంది నానమ్మ.

దణ్ణం పెట్టేశాక ఆయన్ని కారుకేసి రుద్దడానికి ఇవ్వనంది. పూజ అయ్యాక నీళ్ళలో కలిపెయ్యడమే పద్ధతని గ్లాసుడు నీళ్ళలో వేసి ముందు కూర్చుంది. పావుగంట చూసి, "ఈయన కరగడేటే?" అని నన్నే అడిగింది. (క్లేని తడిగా ఉంచాలని వీడియోలో చెప్పారు. అందుకని ఆ పావుగంట నేనూ నోరెత్తలేదు.)

చివరికి నాన్న లారీలకు లప్పం పూసే బ్లేడు తెచ్చి ముద్దను అడ్డంగా కోశాడు. బొట్టూ అక్షతలూ ఉన్న పై సగం నానమ్మకిచ్చి, "దేవుడు నీకాడే ఉన్నాడు. ఇది పీట. పీటకి దణ్ణం పెడతావేటి?" అన్నాడు. నానమ్మ ఆలోచించి పీటను వదిలింది.

ముప్పై ఏళ్ళు లారీల మీద గరుకు కాగితం రుద్దిన చెయ్యి నాన్నది. నొక్కకుండా రుద్దడం ఆ చేతికి తెలీదు. నొక్కకు, జారనియ్యి అని పదిసార్లు చెప్పాను. మొదట సర్రుమని శబ్దం వచ్చేది. అది ఆగిపోయిన చోట కారు నున్నగా ఉండేది. ముద్ద ఆకుపచ్చగా మారేది, మడిచేవాళ్ళం. రెండు తలుపులు అయ్యాయి. బానెట్టు సగంలో ఉండగా అది నాన్న చేతిలోంచి జారి మట్టిలో పడింది. తీశాడు, లుంగీకి తుడిచాడు, మళ్ళీ కారు మీద పెట్టబోయాడు. నేను మణికట్టు పట్టుకున్నాను.

"కడిగితే పోద్ది కదే."

"పోదు నాన్నా. గీతలు పడతాయి."

నా మాట ఆయన ఎప్పుడూ విన్నవాడు కాదు (వినదగ్గ మాట నేనూ ఎప్పుడూ చెప్పలేదు). ఆ రోజు ముద్దను పారేసి, మెట్టు మీద కూర్చుని షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

నానమ్మ అది చూసింది. లోపలికి వెళ్ళి దేవుడి సగం వేసిన గ్లాసు తెచ్చింది. అక్షతలు ఒక్కొక్కటే ఏరింది. కుంకుమ అంటిన పొర బ్లేడుతో చెక్కి మందార మొదట్లో పెట్టింది. మిగిలింది నా చేతిలో పెట్టి, ఆ ముద్దతోనే మాట్లాడింది.

"ఎళ్ళు నాయినా. పనయ్యాక కరుగుదువులే."

నాలుగు గంటలకు పూర్తయింది. మాస్టారి చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగించాను (గరుకు ఉంటే సంచిలోంచి ఇంకా బాగా తెలుస్తుంది). ఎడమ తలుపు రాసి చూశారు. అటు నడిచి కుడి తలుపు రాసి చూశారు. మళ్ళీ ఎడమవైపు వచ్చారు.

"అటువైపు గరుగ్గా ఉందేమ్మా?" అన్నారు.

అటు మా రంగు పడలేదని, అది ఆయన తిరిగిన రోడ్ల మీది మురికేనని చెప్పాను. మామూలు గొంతుతో, వచ్చే ఆదివారం ఖాళీయేనా అని అడిగారు. కాగితం మున్సిపాలిటీకి వెళ్ళలేదు.

కుడివైపు అయ్యాక ఆయన బడిలోవాళ్ళ కార్లు వచ్చాయి. లారీకీ లారీకీ మధ్య నాన్న నాతో కార్లు చేసేవాడు, నాకంటే బాగా. కిందటేడు నాన్న పోయాడు. ఇప్పుడు షెడ్డులో ఇద్దరమ్మాయిలు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. వాళ్ళ చేతులు చూస్తుంటే, నాలుగు వీడియోలు చూసిన ఆ పిల్ల అంత ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకుందా అని నవ్వొస్తుంది. పని బాగానే సాగుతోంది. మా షెడ్డులో ఇప్పుడు లారీలకు రంగు వెయ్యడం లేదు.