రంపం పట్టిన చేతికి ఉంగరాల పళ్ళెం

బాప్తిస్మపు తొట్టి పక్కన ఒక స్టూలు ఉండేది. దాని మీద కూర్చునే మనిషి పాస్టరు కాదు, పాటగాడు కాదు; కంసాలి. నీళ్ళలోకి దిగేవాళ్ళు ముందుగా ఒంటిమీది బంగారం తీసేయాలన్నది ఆ సంఘం నియమం. గొలుసులు తేలిగ్గానే వచ్చేస్తాయి. గాజులు కాస్త మొరాయిస్తాయి. చిక్కంతా ఉంగరాలతోనే. పెళ్ళినాడు తొడిగిన ఉంగరం నడివయసులో వేలిని వదలనంటుంది. మనిషి మారుమనసు పొందినంత త్వరగా వేలు పొందదు. అలాంటివాళ్ళని స్టూలు దగ్గరికి పంపేవారు. కంసాలి ఆ వేలికి సబ్బునురగ రాసి, ఉంగరానికీ చర్మానికీ మధ్య సన్నటి రేకు జొనిపి, చిన్న రంపంతో కోసేవాడు. భయం తెలియకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేవాడు.

"ఎన్నాళ్ళ ఉంగరమమ్మా?"

"పెళ్ళినాటిది. మా ఆయన వదిలేసి పోయాడు గానీ ఇది వదల్లేదు."

"అయితే మీ ఆయన కంటే గట్టి సరుకే. చెయ్యి కదపకండి."

ఆయన చేతిలో వేలు తెగినవాళ్ళు లేరు. ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఆ కన్నీళ్ళను సంఘంలో ఆనందబాష్పాలు అనేవారు. కన్నీటికి అర్థం చెప్పే హక్కు మతంలో ఏడ్చేవాళ్ళకు ఎన్నడూ దక్కలేదు.

కంసాలి తన తండ్రి కుంపటి ముందే నడక నేర్చినవాడు. ఊదుగొట్టం పట్టేనాటికి పాలపళ్ళు కూడా ఊడలేదు. పెళ్ళయి, ఒక కూతురు పుట్టి, దుకాణం నిలదొక్కుకుంటున్న రోజుల్లో పెద్ద పాస్టరు ప్రసంగం చెవిన పడింది. పెద్ద పాస్టరు నిప్పులాంటి మనిషి. ఉతికిన చొక్కా ఆరేదాకా ఇంట్లోంచి బయటికి రాలేనంత పేదవాడు. ఏం చెప్పినా ముందు తాను చేసి చూపించేవాడు, ప్రమాదమంతా అక్కడే ఉంది. కపటి బోధను కొన్నాళ్ళకు కనిపెట్టి నవ్వుకోవచ్చు. నిజాయితీపరుడి బోధను జనం బతుకులిచ్చి నమ్ముతారు. "తొడిగేవాడిది ఒక పాపమైతే, చేసిచ్చేవాడిది వంద పాపాలు" అన్నాడాయన. కంసాలి మర్నాడే కుంపటి ఆర్పేశాడు. అదే ఊదుగొట్టంతో, అదే పట్టకారుతో విరిగిన కళ్ళజోళ్ళు అతకడం మొదలుపెట్టాడు.

ఇల్లు గడవడం కష్టమైంది. భార్య గొడవ పెట్టుకోలేదు గానీ నోరు మాత్రం కట్టేసుకోలేదు. "ఊళ్ళో అందరి బంగారమూ దించుతున్నావు, బాగానే ఉంది. మనింట్లో దించడానికి పొయ్యి మీది గిన్నె తప్ప ఏముంది?" అనేది. ఆయన నవ్వేవాడు. నవ్వగలిగాడు, ఎందుకంటే సంఘం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఎక్కడ కూటం జరిగినా ఆయన సాక్ష్యం ఉండాల్సిందే. దేవుడి కోసం వృత్తినే వదులుకున్న మనిషి! కొన్నాళ్ళకు ఆయన్ని సంఘ పెద్దల్లో ఒకణ్ణి చేశారు.

కూతురు ఎదిగింది. తల్లి నోరు, తండ్రి మొండితనం రెండూ పంచుకుని పుట్టింది. బస్సుల షెడ్డులో పనిచేసే మెకానిక్‌ను ఇష్టపడి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. అతను ఆమె వేలికి దారప్పోగులాంటి ఉంగరం తొడిగాడు. నిండు నెలల్లో ఒక ఆదివారం ఆమె బల్ల ఆరాధనకు వచ్చి, రొట్టె, ద్రాక్షరసం కోసం వరసలో నిలబడింది. పెద్ద పాస్టరు ఆమె వేలిని చూశాడు. తర్వాత పక్కనే ఉన్న తండ్రిని చూశాడు. ఆ చూపు చాలు.

ఆమె వేళ్ళు నీరుపట్టి ఉబ్బి ఉన్నాయి. తీద్దామన్నా ఉంగరం రాదు. తండ్రి వెళ్ళి రంపం తెచ్చాడు.

"చెయ్యి ఇలా పెట్టమ్మా."

"నాన్నా, ఇది ఆయన తొడిగింది."

"ఒక్క నిమిషం. నొప్పి తెలియనివ్వను."

"నొప్పి తెలియకుండా కోస్తావని అందరికీ తెలుసులే నాన్నా. నాకు తెలియాలి."

ఆమె పిడికిలి బిగించి, వరసలోంచి తప్పుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం ఆమెను సహవాసం నుంచి తీసేసినట్టు ప్రకటన చదివారు. ఆ నెల ప్రకటనలు చదివే వంతు తండ్రిది. చదివాడు. అందరూ ఆమెన్ అన్నారు.

తల్లి చనిపోయినప్పుడు కూతురు వచ్చింది. సంఘం తీసేసినవాళ్ళు సమాధుల తోటలోకి రాకూడదన్నారు. ఆమె గేటు ఊచలు పట్టుకుని బయటే నిలబడి, మట్టి పోయడం అయ్యేదాకా ఉండి వెళ్ళింది. తండ్రి అది చూశాడు. చూసి, పాట పుస్తకంలోకి తల దించుకున్నాడు.

పెద్ద పాస్టరు పోయాడు, ఆయన కొడుకు వచ్చాడు. బంగారం పాపమన్న మాట 'అంత అవసరమా' అనే మాటగా మెత్తబడింది. ఆ కొడుకు తర్వాత అతని కొడుకు, ఇప్పటి చిన్న పాస్టరు, వచ్చాడు. 'అంత అవసరమా' కాస్తా 'ఎవరిష్టం వాళ్ళది' అయింది, ఆ పైన 'ఆశీర్వాదం' అయి కూర్చుంది. ఒకప్పుడు జడలూ బంగారమూ వద్దని లేఖనంలో ఉన్న వాక్యం తప్ప వినపడని వేదిక మీద, ఇప్పుడు తప్పిపోయి ఇల్లు చేరిన కొడుకు వేలికి తండ్రి ఉంగరం తొడిగించిన కథ తప్ప వినపడదు. రెండూ ఒకే గ్రంథంలోవే. పేజీ తిప్పడానికి మూడు తరాలు పట్టింది, అంతే.

ఇంతలో పాత నియమాన్ని ఎవరూ రద్దు చేయలేదు. రద్దు చేయాలంటే ఒకరు లేచి, ఇది తప్పు, దీనివల్ల ఫలానావాళ్ళు నష్టపోయారు అనాలి. పాపులారా పశ్చాత్తాపపడండి అని మైకులు అరిగేలా చెప్పే సంస్థకు, తాను పశ్చాత్తాపపడే అలవాటు లేదు. అది సర్దుకుంటుంది. గోడలకు కొత్త రంగు వేసుకుంటుంది. తొట్టికి పలకలు అతికించిన రోజున స్టూలు ఎటో పోయింది, అంతటితో ఒక సిద్ధాంతం ముగిసింది. గోడౌనులాంటి ఆ పాత హాలు కప్పుకు నల్లరంగు వేసి, రంగుదీపాలు బిగించి, వెనక గోడంతా తెర పెట్టారు. ఆనాడు కడుపులో ఉన్న పిల్ల, అంటే కంసాలి మనవరాలు, నియమం మెత్తబడ్డాక తనంతట తానే వచ్చి చేరి, ఇప్పుడు ఆ తెర ముందు నిలబడి పాడుతుంది. ఆమె బొటనవేలికి కూడా ఉంగరం ఉంది.

కంసాలి ఆ హాలు వెనకే, జనరేటరు పక్క గదిలో ఉంటున్నాడు. చూపు మందగించి కళ్ళజోళ్ళ పని తగ్గాక సంఘమే ఇచ్చింది. అద్దె లేని గది. అద్దె లేని గది తలుపులకు గడియ ఎప్పుడూ బయటే ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే చిన్న పాస్టరు వచ్చాడు. మంచివాడు, చురుకైనవాడు, చెప్పుల చప్పుడు కంటే ముందు నవ్వు వినిపించే రకం.

"తాతగారూ, మీకో శుభవార్త!"

"నా వయసుకి శుభవార్తంటే పైనుంచి పిలుపే బాబూ. వచ్చేసిందా?"

"అబ్బే, అప్పుడే వదులుతామా! దంపతుల ఆదివారం పెడుతున్నాం. జంటలన్నీ మళ్ళీ ఉంగరాలు మార్చుకుంటాయి. ఆ పళ్ళెం మీ చేతుల్లో ఉండాలి. అప్పట్లో కోసిన చెయ్యే ఇప్పుడు అందిస్తుంటే ఎంత బాగుంటుందో ఊహించుకోండి!"

"అయితే అప్పుడు కోసింది తప్పా?"

"తప్పని కాదు తాతగారూ. అది ఆ తరం నమ్మకం. దేవుడు ఒక్కో తరంతో ఒక్కోలా మాట్లాడతాడు."

"నేను అప్పుడూ ఉన్నాను, ఇప్పుడూ ఉన్నాను కదా. మరి నాతో ఏం మాట్లాడినట్టు?"

చిన్న పాస్టరు నవ్వు కాస్త సన్నబడింది. "మీ అమ్మాయిని కూడా పిలుద్దాం. ఇప్పుడు ఏ అభ్యంతరమూ లేదని నేనే ఫోన్ చేసి చెబుతాను."

"పిలవండి. కానీ పళ్ళెం నా చేతికిచ్చే ముందు మీరు మైకులో ఒక్క మాట చెప్పండి. ఆ పిల్లని బయటికి పంపి సంఘం తప్పు చేసింది అని. అంతే."

"మా తాతయ్య పేరు పోతుంది కదండీ. పాత గాయాలు రేపడం దేనికి? ముందుకు చూద్దాం."

ముందుకు చూడటం ముందు బతుకు మిగిలినవాళ్ళకు తేలిక. కంసాలికి మిగిలిందంతా వెనకే ఉంది. కొత్త మాట నిజమైతే ఆయన వృత్తినీ కూతుర్నీ గాలికి వదిలేసినట్టు. పాత మాటే నిజమైతే ఈ గదిలో తింటున్న ప్రతి ముద్దా పాపపు కూడే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పా ఆయనే, పామూ ఆయనే.

చిన్న పాస్టరు అన్నంత పనీ చేశాడు. ఫోన్ అందుకున్న కూతురు ఆ సాయంత్రమే గదికి వచ్చింది. తల నెరిసింది. గుమ్మంలోనే నిలబడింది.

"'ఇప్పుడు ఏ అభ్యంతరమూ లేదమ్మా' అన్నారు మీ పాస్టరుగారు. బస్సులో సీటు ఖాళీ అయినట్టు చెప్పారు."

"కూర్చోమ్మా."

"కూర్చోడానికి రాలేదు. అసలు అభ్యంతరం ఎవరిది నాన్నా?"

"దేవుడిదనుకున్నాను."

"మరిప్పుడు?"

"నాదే. తప్పంతా నాదే."

"నీ ఒక్కడిదే అయితే ఎప్పుడో వచ్చి, నాలుగు తిట్టి, నీ చేత్తో టీ పెట్టించుకు తాగి పోయేదాన్ని. రంపం తెచ్చింది నువ్వే, చదివింది నువ్వే, కాదనను. కానీ ఆమెన్ అన్నది ఎవరు? అమ్మ పోయిననాడు గేటు వేసింది ఎవరు? ఇప్పుడు వాళ్ళంతా చేతులు దులుపుకుని, ముసలాయన ఏదో చాదస్తంతో చేశాడని నవ్వుకుంటుంటే, నేనొచ్చి ఫొటోకి నిలబడాలా?"

"నన్నేం చెయ్యమంటావు?"

"సంఘం తప్పు చేసిందని చెప్పు. వాళ్ళందరి ముందూ చెప్పు. అప్పుడు వస్తాను. ఆ మాట లేకుండా పళ్ళెం పట్టుకుని నిలబడ్డావంటే మాత్రం నాకు తండ్రి లేడనుకుంటాను."

"గది ఖాళీ చేయిస్తారేమోనమ్మా."

"గేటు బయట ఎలా నిలబడాలో నేను నేర్పిస్తాలే. నాకు అనుభవం ఉంది."

దంపతుల ఆదివారం హాలు కిక్కిరిసింది. కూతురు వచ్చి, తలుపు పక్క ఆఖరి వరసలో కూర్చుంది. తండ్రి ఏం చెబుతాడో చెవులారా వినాలని మాత్రమే. చిన్న పాస్టరు పిలవగానే కంసాలి వేదిక ఎక్కాడు. వెల్వెట్ పరిచిన పళ్ళెం చేతికిచ్చారు. ఆయన దాన్ని పక్కనున్న బల్ల మీద పెట్టేసి, మైకు అడిగాడు. జనం ముచ్చటపడి చప్పట్లు కొట్టారు.

"నేను చాలా ఉంగరాలు కోశాను" అన్నాడు.

జనం నవ్వారు, ప్రేమగానే.

"నా కూతురి ఉంగరం కూడా కోయబోయాను. అది ఒప్పుకోలేదు. దాన్ని బయటికి పంపాం. వాళ్ళమ్మను పూడ్చేటప్పుడు కూడా రానివ్వలేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దాన్ని మరికాస్సేపు నిలవనిస్తే ఏమయ్యేదో ఎవరికి తెలుసు! కానీ అలాంటి చోట్ల నిశ్శబ్దం పొడ కనపడగానే దాన్ని పట్టి జోకొట్టడానికి ఒక మనిషి జీతం తీసుకుంటుంటాడు. కీబోర్డు మెత్తగా మొదలైంది. ఎవరో హాలు దీపాలు తగ్గించారు.

"అది నేనొక్కణ్ణే చేసింది కాదు. ఈ సంఘం..."

చిన్న పాస్టరు చెయ్యి ఆయన భుజం మీద పడింది. రెండో చెయ్యి మైకు మీద పడింది. అందులో దౌర్జన్యం ఏమీ లేదు. నిద్రపోయిన పసివాడి చేతిలోంచి బొమ్మ తీసుకున్నంత సుతారంగా తీసుకున్నాడు.

"హల్లెలూయా! కృప అంటే ఇదీ! తాతగారి కన్నీళ్ళు చూడండి! తండ్రినీ కూతుర్నీ ఈరోజు కలిపిన దేవుడికి గట్టిగా చప్పట్లు!"

కంసాలి ఏడవడం లేదు. వేదిక దీపాల వెలుతురుకి ముసలి కళ్ళు నీరు కారుతున్నాయి. ఒక దీపం తిరిగి ఆఖరి వరస మీద పడింది. కూతురి మొహం తెర నిండా పరుచుకుంది. హాలంతా లేచి నిలబడింది. పళ్ళెం ఇంకెవరో అందుకున్నారు.

బయట, బళ్ళు నిలిపేచోట కూతురు ఆగి ఉంది.

"'సంఘం' దాకా వచ్చావు" అంది.

"విన్నావా?"

"నేను విన్నాను. నేనొక్కదాన్నే విన్నాను."

ఇంతలో చిన్న పాస్టరు పరుగున వచ్చి ముసలాయన్ని కావలించుకున్నాడు. "తాతగారూ, అద్భుతం! నా కళ్ళు కూడా తడిశాయి. వచ్చే నెల మన రెండో శాఖలో కూడా ఇదే చెప్పాలి. కారు పంపిస్తాను. అమ్మా, మీరూ తప్పకుండా రావాలి!"

"ఆయన చెప్పడం పూర్తయ్యాక వస్తానండీ" అని కూతురు స్కూటరు ఎక్కి వెళ్ళిపోయింది.

గది ఖాళీ చేయించలేదు. పైగా కొత్త ఫ్యాను పెట్టించారు. వాళ్ళు వెళ్ళగొడితే నిలబడటానికి సిద్ధపడ్డ మనిషికి, ముద్దు చేస్తే ఎలా నిలబడాలో తెలియలేదు. కారు వచ్చింది, ఎక్కాడు. చెప్పాల్సిన మాట ఇంకా నోట్లోనే ఉంది. దాన్ని చెప్పడానికి మైకు వాళ్ళ దగ్గరే ఉంది. రెండో శాఖలో గబగబా చెప్పబోయాడు. కీబోర్డు ఆయన కంటే వేగంగా వచ్చింది. ఇంకోచోట ముందే వెళ్ళి, నేను మాట్లాడేటప్పుడు వాయించొద్దు నాయనా అని బతిమాలాడు. "అలాగే తాతగారూ" అన్నాడు కీబోర్డు అతను, మాట నిలబెట్టుకున్నాడు కూడా. గిటారు మొదలైంది. ఇప్పుడాయన సంఘానికి పెద్ద ఆకర్షణ. ఒకప్పుడు కోసినందుకు సాక్ష్యం, ఇప్పుడు కోసినందుకు ఏడ్చినట్టు సాక్ష్యం. మనిషి ఒక్కడే, సరుకు మారింది.

అలా వెళ్ళొచ్చిన ప్రతిసారీ సాయంత్రం కూతురు ఫోన్ చేస్తుంది. అన్నేళ్ళ మౌనం తర్వాత ఇద్దరి మధ్యా మాటలంటూ ఉన్నది దీని గురించే.

"ఈసారి ఎంతదాకా వచ్చింది?"

"'సంఘం తప్పు' దాకా."

"'చేసింది' రాలేదా?"

"చప్పట్లు వచ్చాయి."

"నా కథతో మొదలుపెడుతున్నావు నాన్నా, అదే నీ తప్పు. కథ వినగానే వాళ్ళకు పాట గుర్తొస్తోంది. ఈసారి మైకు అందుకోగానే ముందు ఆ మాటే చెప్పేయ్. నా కథ ఎక్కడికీ పోదు."

"మొదటే చెబితే మళ్ళీ మైకు ఇవ్వరమ్మా. కారు రాదు. ఈ గదీ ఉండదు."

"ఉండకపోతే మా ఇంటికి రా. కానీ చెప్పే రా."