పంపు ముందు, పటిక తర్వాత

అద్దకం షెడ్డులో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ పంపు మావయ్యే. ముప్పై ఏళ్ళుగా, మూలిగే ప్రతి పంపుకూ చెవి ఆనించి జబ్బేమిటో చెప్పేవాడు. "పంపు లేనిదే నీళ్ళు కదలవు" అన్నది ఆయన ఊతపదం.

రంగునీళ్ళు శుభ్రం చేయకుండా కాలువలోకి వదిలితే షెడ్డుకు సీలేస్తామని తనిఖీ అధికారి గడువు పెట్టి వెళ్ళాడు. నలభై ఇళ్ళ పొయ్యిలు ఆ షెడ్డు మీదే వెలగాలి. పెద్ద ప్లాంటుకు చోటెక్కడిది? గోడవారన రెండు బీరువాలు పట్టే జాగాలో మావయ్యే ఒక యంత్రం కట్టాడు. కింది తొట్టిలో రంగునీళ్ళకు పటిక కలపాలి. పంపు వాటిని పైనున్న పెట్టెలోకి తోడాలి. అక్కడ మడ్డి దిగాక నీళ్ళు ఇసుక, బొగ్గు దాటి బయటికి రావాలి.

బకెట్లో పటిక వేస్తే రంగు దూదిపింజల్లా విడిపోయి అడుక్కి చేరింది. యంత్రంలోంచి మాత్రం మురికినీళ్ళే వచ్చాయి. పటిక పెంచాడు, ఇసుక మార్చాడు. ఊహూఁ. గడువింక ఒక్కరోజే.

"బకెట్టుకున్న బుద్ధి నీ బీరువాకి లేదేంటి మావయ్యా?" అంది అద్దకం చూసే మేనకోడలు.

అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. బకెట్లో లేనిది, యంత్రంలో ఉన్నది ఏమిటి? పంపుకు ముందు ఒక గ్లాసు, తర్వాత ఒక గ్లాసు పట్టాడు. మొదటిదాంట్లో పింజలు. రెండోదాంట్లో పొడి. తను ప్రాణంలా చూసుకునే పంపే వాటిని నుగ్గునుగ్గు చేస్తోంది!

తర్వాత స్పానరు అందుకున్నాడు.

"పంపు విప్పేస్తున్నావా? నువ్వా?" అంది మేనకోడలు.

"విప్పి ముందుకు జరుపుతున్నానే. ముందు ఉత్త రంగునీళ్ళని పైకి తోడనీ. పటిక ఆ పైన కలుపుదాం. అక్కణ్ణించి పింజలు వాటంతటవే మెల్లగా దిగొస్తాయి, తొయ్యక్కర్లేదు."

పొద్దువాలేలోగా పటిక కలిపే తొట్టి పైకెక్కింది.

మర్నాడు అధికారి గొట్టం దగ్గర గ్లాసు పట్టాడు. సీలు వెయ్యమన్న కాగితాన్ని దాని వెనక పెట్టి చూశాడు. ప్రతి అక్షరం స్పష్టంగా కనబడింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళాడు. నాలుగోరోజున ల్యాబు నుంచి కబురొచ్చింది: పాసు. షెడ్డంతా ఈలలు, చప్పట్లు.

"ఇకనుంచి పటిక మావయ్య అనాలేమో!" అంది మేనకోడలు.

"పోవే! పంపెక్కడ పెట్టాలో ఇప్పుడేగా నేర్చుకున్నాను. పంపు మావయ్యనయింది ఈ వారమే" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ.