ఎంగిలి గుడ్డ

మా అత్త నా పెళ్లికి ముందూ అత్తే, పెళ్లయ్యాకా అత్తే. మా నాయనకు సొంత చెల్లెలు. మేనరికం కాబట్టి అల్లుడన్న మర్యాద నాకు ఏనాడూ దక్కలేదు. చిన్నప్పుడు చెవి మెలిపెట్టిన ఆ చెయ్యి ఇప్పుడూ ఊరుకోదేమోనని, నలభై రెండేళ్లొచ్చినా ఆమెకు కాస్త ఎడంగానే నిలబడతాను. నిమ్మనపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో బోరు ఎండిపోయి, టమాటా తోట నిలువునా మాడిపోయాక, ఆమె మదనపల్లెలో మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన రోజే, నేను వీధిలో ఒక కారుకు పైపుతో నీళ్లు కొడుతుంటే చూసింది.

"రేయ్ అప్పా, ఆ ఇనప పెట్టెకేమన్నా దప్పికయితాందా? యాల అన్ని నీళ్లు పోస్తాండావు?" అని వీధంతా వినబడేట్టు అరిచింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అదే మన కూడు అత్తా, నువ్వు లోపలికి పో" అన్నాను. ఆమె పోలేదు. పని అయ్యేదాకా గడపలో నిలబడి, కాలువలోకి పోతున్న నీళ్లనే చూస్తూ ఉండిపోయింది.

పద్దెనిమిదేళ్లు నేను ఒకరి కార్లు నడిపాను. "డ్రైవరూ" అని పిలిపించుకుని పిలిపించుకుని, నాకూ ఒక పేరుందన్న సంగతి మర్చిపోయాను. చివరికి ఒక పాత వ్యాను కొనుక్కుని, అందులో నీళ్ల ట్యాంకు, మోటారు బిగించుకుని, ఇంటింటికీ పోయి కార్లు కడిగి మెరుగు పెట్టే పని మొదలుపెట్టాను. నాలుగు రోజులు మదనపల్లె, గురువారం పుంగనూరు, శనివారం కుప్పం. బతుకు బాగానే సాగింది.

ఎండాకాలం వచ్చేసరికి మా ఇంటి బోరు నీళ్లకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. ఇంటి ఓనరు మంచివాడు. నెమ్మదిగానే చెప్పాడు. "ఇంట్లోకి వాడుకో అప్పా. కార్లకు మాత్రం బండికి ఒక బకెట్టు మించొద్దు. వీధోళ్లంతా ట్యాంకరు కోసం కాసుకోనుండారు." ఆ మాటలో తప్పేముంది? నేను ఒక్కో కారుకు పది పన్నెండు బకెట్లు గుమ్మరిస్తున్నాను మరి. ఒక్క బకెట్టుతో కడగడం నేర్చుకోవాలి, లేదంటే వ్యాను అమ్మేసి మళ్లీ ఒకరి స్టీరింగు వెనక కూర్చోవాలి. ఆ రెండోది తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఆవిరితో కడిగే యంత్రం చూడ్డానికి బెంగళూరు పోయొచ్చాను. బాగానే ఉంది. కానీ దాన్ని పెడితే వ్యానులో ఇంకేమీ పట్టదు. పైగా ఆ ఎండల్లో ఆవిరి గొట్టం పట్టుకుని నిలబడితే, సాయంత్రానికి నన్నే ఎవరో ఒకరు కడగాలి. ఆ తర్వాత, నీళ్లే అక్కర్లేకుండా ఒక ద్రవం చల్లి గుడ్డతో తుడిచేసే పద్ధతి పట్టుకున్నాను. పుంగనూరులో రోజూ షెడ్డులో ఉండే కార్లకు అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంకేముంది, గెలిచేశాననుకున్నాను. ఆ ఊపులోనే శనివారం కుప్పం పోయాను.

కుప్పంలో గ్రానైటు లారీలు తిరిగే దారుల్లో దుమ్ము వేరు. కంటికి పిండిలా మెత్తగా కనబడుతుంది, గుడ్డ కింద పడిందంటే ఉప్పుకాగితమే. అక్కడ ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు ఉన్నారు. కుప్పంలో నాకు మొదటి కారు ఆయనదే. ఆ వీధిలోని మిగతా కార్లన్నీ ఆయన చెబితే వచ్చినవే. ముదురు నీలం రంగు కారు, కడుపున పుట్టిన బిడ్డలా చూసుకుంటారు. నేను చల్లాను, తుడిచాను. ఎండ ఏటవాలుగా పడగానే బానెట్టు నిండా సన్నటి గీతలు.

"ఏందప్పా ఇది? పిల్లి గీరినట్టుండాదే" అన్నారాయన.

తిట్టి ఉంటే నేనూ నోరు చేసుకునేవాణ్ని. ఆయన తిట్టలేదు. "వచ్చే శనివారం వచ్చి సరి చేసిపో. మళ్లా ఇట్లే అయితే మాత్రం ఇంక రావాకులే అప్పా" అని లోపలికి వెళ్లిపోయారు. ఆయన వద్దంటే వీధి వీధంతా వద్దంటుంది. కుప్పం పోతే నా వ్యాను నిలబడదు. దారి పొడవునా నన్ను నేనే తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

వచ్చేటప్పుడు కుప్పం రోడ్డు పక్కనుంచి ఒక కవరు నిండా ఆ రాతి దుమ్ము తెచ్చుకున్నాను. దాన్ని మా వ్యాను తలుపు మీద చల్లి కొత్త పద్ధతి మొదలుపెట్టాను. బకెట్టు నీళ్లలో వేరే రకం ద్రవం మూతెడు కలిపితే చాలు, తుడిచాక మళ్లీ నీళ్లు కొట్టనక్కర్లేదు. గుడ్డ ముంచడం, తుడవడం, అదే బకెట్టులో జాడించి పిండడం, మళ్లీ తుడవడం. మంగళవారం గీతలే. బుధవారమూ గీతలే. తెచ్చిపెట్టుకుని మరీ దుమ్ము చల్లుకుని తుడుస్తుంటే, నాకు పిచ్చెక్కిందేమోనని నా భార్య తలుపు చాటునుంచి చూసి వెళ్లేది.

బుధవారం సాయంత్రం అత్త వచ్చి నిలబడింది. రెండు నిమిషాలు చూసిందో లేదో, "ఛీ ఛీ! ఎంగిలి గుడ్డ మళ్లా నీళ్లల్లో ముంచుతాండావే!" అంది.

నా ఒళ్లు మండింది. గుడ్డ విసిరికొట్టాను. "కారుకు ఎంగిలేంది అత్తా? అదేమన్నా నోరు పెట్టి తాగిందా?"

"నోటికేనా ఎంగిలి? కూడు తినే చెయ్యి కుండలో పెడ్తామా? మట్టి తాకిన గుడ్డ దాంట్లో ముంచితే, ఆ మట్టినే కదప్పా మళ్లా తెచ్చి బండికి పూస్తాండేది! సదువుకున్నోడివి, అదీ తెలీదా?"

ఎదురు చెబుదామని నోరు తెరిచి బకెట్టులోకి చూశాను. అడుగున బూడిదరంగు మడ్డి పేరుకుని ఉంది. అత్త ఇప్పటికీ చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే తాగుతుంది. వాళ్లింట్లో కడవలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు, ఇంకొకరు ముంతతో ముంచి పొయ్యాలి. చాదస్తమని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో! ఇల్లంతటికీ ఒక్క కడవే ఉన్న రోజుల్లో ఆ నీళ్లను కాపాడుకున్న పద్ధతి అదని ఆ సాయంత్రం దాకా నాకు తట్టనేలేదు.

"గుడ్డలన్నీ ముందే తడిపిపెట్టు. ఒకటి తియ్, తుడువు, పక్కన పారెయ్. ఆ బకెట్టు దిక్కుకు మళ్లా రానియ్యాకు" అంది. గుడ్డను మడతల మీద మడత పెట్టి, ఒక్కో మడతతో ఒక్కసారే తుడవమంది.

తుడిచే ముందు దుమ్ము నానాలి కదా అని మర్నాడు టమాటా తోటలకు మందు కొట్టే స్ప్రేయరు కొత్తది ఒకటి కొన్నాను. నేను పట్టుకున్న తీరు చూసి అత్త దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. "అట్ల కాదు. ఆకు అడుగు తడిసినట్ల కొట్టల్ల, కారిపోకూడదు, సూడు" అని వ్యాను తలుపు మీద మంచులా పట్టించింది. తోట పోయాక ఆమె చేతిలో స్ప్రేయరు చూడడం అదే మొదటిసారి. తలుపు తడిసిపోయాక కూడా దాన్ని కింద పెట్టలేదు.

వ్యాను తలుపు మీద ఒక్క గీత పడలేదు.

శనివారం తానూ కుప్పం వస్తానని పట్టుబట్టి వ్యాను ఎక్కింది. ముందు నేను చేసిన గీతలన్నీ చేత్తో మెరుగు పెట్టి పోగొట్టేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు స్ప్రేయరు, తర్వాత గుడ్డలు. అత్త వ్యానులో కూర్చుని సంగటి తింటోంది. హెడ్మాస్టరు గారు ఏదో అడిగారు. జవాబు చెబుతూ, పాత అలవాటున చేతిలోని గుడ్డ బకెట్టు వైపు పోనిచ్చాను.

"ఎంగిలి!" అని కేక.

ఆయన ఉలిక్కిపడ్డారు. సంగతి చెబితే పడీ పడీ నవ్వారు. "ఇన్నేండ్లు నేనే అందరికీ పాఠాలు చెప్పినాను. ఇది నాకు తెల్దమ్మా!" అన్నారు. అత్త సిగ్గుపడి కొంగు తల మీదికి లాక్కుంది.

తర్వాత ఆయన వంగి, ఒక కన్ను మూసి, బానెట్టును ఏటవాలుగా చూశారు. ఒకవైపు చూసి ఇంకోవైపు వెళ్లారు. ఎంతకీ లేవరే!

"వచ్చే శనివారం కొంచెం బిరీన రా అప్పా. మా పాప కారు కూడా ఈడే ఉంటాది" అన్నారు.

ఒక్క బకెట్టు. అందులోనూ ఇంకా సగం మిగిలే ఉంది.

సాయంత్రం ఇంటికి రాగానే అత్త కూతురితో, "పాపా, ఈపొద్దు తలకు పోసుకుంటా. నీళ్లు కాంచు" అంది. నా భార్య నా వైపు చూసి నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఎన్నాళ్లయిందో తెలుసా అమ్మ నిండుగా నీళ్లు పోసుకోని? వచ్చినప్పటి నుంచీ రెండు చెంబులతోనే సరిపెట్టుకుంటాండాది. 'వాని బండ్లకు సాలవేమో పాపా' అనేది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకునింది."

నీళ్లు పారబోస్తున్నావని వీధంతా వినబడేట్టు నన్ను తిట్టిన మనిషి, తన నీళ్లే నాకు మిగులుస్తూ వచ్చింది. నాకు సిగ్గేసింది. ఆమె మీద పట్టలేనంత ప్రేమా వచ్చింది. పెద్ద బకెట్టు అంచుల దాకా నింపి, నేనే మోసుకెళ్లి స్నానాల గదిలో పెట్టాను.

"యాల ఇన్ని? సగం తీసెయ్" అంది అత్త.

"ఇవి నీవే అత్తా. అన్నీ పోసుకో."

నా ముఖంలోకి పరీక్షగా చూసింది. "ఏందప్పా, ఆ కండ్లల్లో నీళ్లు కూడా ఊరికే పారబోస్తాండావా?" అని తలుపు వేసుకుంది.

లోపల చెంబు తర్వాత చెంబు పోసుకుంటున్న చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.