కరివేపాకుకు పట్టా

షరఫియా బజారులో ఒక తెలుగువాళ్ల దుకాణం ముందు, నెయ్యి డబ్బాలో పెరుగుతున్న కరివేపాకును తాకాను. ఆ వాసనకు, చిన్నప్పుడు ఇదే అరబ్బు దేశంలో, ఖతీఫ్‌లో మేమున్న హాస్పిటల్ క్వార్టర్స్ గుర్తొచ్చాయి.

మమ్మీ అక్కడ నర్సు. ఎవరెవరో వదిలివెళ్లిన పుస్తకాలతో క్వార్టర్స్‌లో చిన్న లైబ్రరీ ఉండేది. అందులో దొరికిన ఒక అమెరికా పల్లె టౌన్‌షిప్ చరిత్రను డిక్షనరీ దగ్గర పెట్టుకుని మొత్తం చదివాను. అక్కడి నేలనంతా గళ్ల దుప్పటిలా చతురస్రాలుగా కొలిచారట. ఒక గడిలో ఇల్లు కట్టుకుని అయిదేళ్లు సాగుచేస్తే పట్టా ఇచ్చేవారట. మేమొచ్చి అంతకంటే ఎక్కువే అయింది, గోడవారన కరివేపాకు కూడా వేశాం. ఇక ఆ ఇల్లు మాదేననుకున్నాను.

ఒకరోజు డాడీ అటక మీది పెట్టెలు దించారు. ఇక్కడ ఉండనిచ్చే ఇకామాను మమ్మీకి ఇక పొడిగించరట.

"మనం వెళ్లక్కర్లేదు డాడీ! అయిదేళ్లు దాటింది, మొక్క కూడా వేశాం. పట్టా అడగండి," అన్నాను.

"అడుగుతాలే లాయరమ్మా, ముందు నీ బొమ్మలు సర్దు," అన్నారు డాడీ.

మమ్మీ నవ్వలేదు. పక్కింటి ఆంటీకి ఇద్దామని మొక్కను పెకలించబోయింది. ఎంత తవ్వినా వేరు రాలేదు. చేతుల నిండా మట్టితో అక్కడే కూర్చుండిపోయింది. పట్టా సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నాకూ ఒక ఇకామా ఉంది.

"ఇంత నేలుంది కదా, డబ్బాలో ఎందుకు పెట్టారు?" అని దుకాణదారుణ్ణి అడిగాను.

"భూమిల పెడితే ఇడిసిపెట్టి పోవాలె అక్కా," అన్నాడతను. "డబ్బల ఉంటే ఎవలకన్న ఇచ్చిపోవచ్చు."